ప్లాస్మా నీళ్లలో నానబెట్టిన విత్తనాలు ఉప్పుని నిజంగా తట్టుకుంటున్నాయా?

గోధుమగింజ: అందరికీ నమస్తే. గోధుమ, బార్లీ విత్తనాలు ప్లాస్మా (కరెంటుతో అయాన్లుగా విడగొట్టిన గాలి) పట్టిన నీళ్లలో నానబెట్టి, మొలకలకి ఉప్పునీళ్లు పెట్టి చూస్తున్నాం. ఉత్త నీళ్లలో నానినవాటికంటే వేరు బాగానే సాగుతోంది, కానీ ఒక బ్యాచ్‌లో వచ్చింది ఇంకో బ్యాచ్‌లో రావట్లేదు. మీకూ ఇంతేనా?

మొలకలపిచ్చి: మాకూ అంతేనండి. గాలిలో ప్లాస్మా పుట్టిస్తే నీళ్లలోకి హైడ్రోజన్ పెరాక్సైడ్, నైట్రేట్, నైట్రైట్ దిగుతాయి, పీహెచ్ (ఇది తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ) 3 దాకా కూడా పడిపోతుంది, ఆ ఆమ్లంలో నైట్రైట్ నిలవదు, పెరాక్సైడ్‌తో కలిసి నైట్రేట్ అయిపోతుంటుంది, అందుకే నిల్వ ఉంచిన నీళ్లు చేసినప్పటి నీళ్లు కావు. చేసిన వెంటనే వాడండి, వాడేముందు ప్రతిసారీ ఇవి ఎంతున్నాయో టెస్ట్ స్ట్రిప్‌తో చూసి రాసిపెట్టుకోండి. కుళాయి నీళ్లలో బైకార్బొనేట్ ఎక్కువుంటే పీహెచ్ అంతగా దిగదు, మా తేడాలు చాలావరకు అక్కడే తేలాయి.

వరికంకి: డోస్ కూడా చూడండి. పెరాక్సైడ్ కొద్దిగా తగిలితే మొక్కకి అది సిగ్నల్, పెరాక్సైడ్‌ని విరగ్గొట్టే క్యాటలేజ్ లాంటి ఎంజైములు ముందే పెరుగుతాయి, తర్వాత ఉప్పో కరువో వచ్చినప్పుడు కణాలకి దెబ్బ తగ్గుతుంది. అదే ఎక్కువైతే మొలకే మాడిపోతుంది. ఎక్కువసేపు ప్లాస్మా పెడితే ఎక్కువ లాభం అనుకోకండి.

కంట్రోల్‌ఎక్కడ: అసలు ప్రశ్న వేరే ఉంది గోధుమగింజ గారూ. నైట్రేట్ అంటే ఎరువే కదా, మొక్క పచ్చగా ఏపుగా వచ్చిందంటే ఉప్పుని తట్టుకుందనా లేక నత్రజని అందిందనా? ఉత్త నీళ్లతో పోలిస్తే ఇది ఎప్పటికీ తేలదు. అదే మోతాదులో నైట్రేట్, నైట్రైట్, పెరాక్సైడ్ కలిపి, అదే పీహెచ్‌కి తెచ్చి ఇంకో కంట్రోల్ (పోల్చి చూడటానికి ప్లాస్మా లేని ట్రే) పెట్టండి, ఉప్పు లేని ట్రేలు కూడా పక్కనే ఉండాలి. ఆ కంట్రోల్ కంటే మెరుగ్గా వస్తేనే ప్లాస్మా గొప్ప అనండి.

గోధుమగింజ: కరెక్టేనండి, ఈసారి ఆ కంట్రోల్ పెడతాం. మరి చేనంతా ఈ నీళ్లే పారిస్తే?

మొలకలపిచ్చి: నాకైతే నమ్మకం లేదు. మట్టిలో పడ్డాక పెరాక్సైడ్ త్వరగా విరిగిపోతుంది, మిగిలేది నైట్రేట్, ఆ నైట్రేట్ కోసమే అయితే ప్లాస్మాకి అయ్యే కరెంటు ఎరువుల ఫ్యాక్టరీ వాడే శక్తికంటే చాలా ఎక్కువ. నానబెట్టడానికి కొద్ది నీళ్లు చాలు కాబట్టి విత్తనం దగ్గరే దీనికి అర్థముంది.

వరికంకి: నానబెట్టి మళ్లీ ఆరబెట్టి దాచిన విత్తనానికి ఆ గుణం నిలుస్తుందా, ఎవరైనా చూశారా? రైతు చేతికి వెళ్లేది ఎండు విత్తనమే కదా.