మంజూరైన నాలా పనిని కావాలనే ఆపించారు, ఏం చేయాలి?

మేము ఉండేది హైదరాబాద్‌లో రామంతాపూర్ వైపు. వాన గట్టిగా పడితే మా వీధిలో మోకాళ్ల లోతు నీళ్లు. పోయిన వానకి మా అత్తయ్యను రాత్రంతా మంచం మీదే కూర్చోబెట్టాం, ఆవిడకి 74 ఏళ్లు.

వరద నాలాకి డబ్బు మంజూరైంది, పైపులు కూడా దింపారు. అంతలో ఇక్కడి నాయకుడొకరు పని ఆపించారు. అడిగితే ఒకసారి సర్వే అంటారు, ఇంకోసారి కొలతలు తప్పంటారు. పేరు అవతలి పార్టీకి పోతుందన్నదే అసలు బాధ. అమ్మ పెట్టదు, అడుక్కు తిననివ్వదు!

ఇలాంటివి పెద్ద సభల్లోనే అనుకునేదాన్ని. 1996లో లోక్‌సభలో పెట్టిన మహిళా రిజర్వేషన్ బిల్లు చట్టం కావడానికి 2023 దాకా పట్టింది. 2010లో రాజ్యసభలో ఆ కాగితాలు చింపేశారు కూడా. మా వీధికి అన్నేళ్లు ఆగే ఓపిక లేదు.

సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టి 30 రోజులు దాటింది, జవాబు లేదు. మొదటి అప్పీలు ఎలా రాయాలి? సోమవారం ప్రజావాణిలో (అధికారులు జనం ఫిర్యాదులు తీసుకునే చోట) అర్జీ ఇస్తే కదులుతుందా, నేరుగా హైకోర్టుకే వెళ్లాలా? పని ఆపమన్నదెవరో రాతపూర్వకంగా రాబట్టినవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి. చాలా టెన్షన్‌గా ఉంది, జూన్‌లోపు పని మొదలవ్వాలి.