ఉక్కపోతలో ఇంజిన్‌కి మంచు పడుతుందా? కోనసీమ మీద నీరసపడుతున్న సెస్నా

రాజోలు_172

అందరికీ నమస్కారమండి. మూడు వారాలుగా ఒకటే బాధ. ఇంట్లో కంప్యూటర్ మీద ఫ్లైట్ సిమ్యులేటర్‌లో సెస్నా 172ఎన్ అనే చిన్న విమానం నడుపుతున్నాను. సిమ్యులేటర్‌తో వచ్చింది కాదు, విడిగా దించుకున్న మోడల్. రాజమండ్రి మధురపూడిలో లేచి, ధవళేశ్వరం బ్యారేజీ దాటి, వశిష్ఠ పాయ పట్టుకుని అంతర్వేది దాకా వెళ్లి తిరిగి రావడం నా అలవాటు రూటు. వెళ్లేటప్పుడు ఏ గొడవా ఉండదు. వచ్చేటప్పుడే తంటా. రావులపాలెం దగ్గర 4000 అడుగుల నుంచి దిగడానికి థ్రాటిల్ (ఇంజిన్ శక్తిని పెంచి తగ్గించే మీట) తగ్గించి 1500 ఆర్‌పీఎం మీద పెడతాను. కడియం వచ్చేసరికి ఇంజిన్ వేగం చూపే ముల్లు దానంతటదే 1400, 1300 అంటూ జారిపోతుంది. మళ్లీ థ్రాటిల్ తోస్తే దగ్గుతుందే తప్ప పుంజుకోదు. రెండుసార్లు కడియం నర్సరీల్లోనే దిగాను. పూలకుండీలు ఎన్ని పగిలాయో సిమ్యులేటర్ లెక్క చెప్పదు కాబట్టి సరిపోయింది.

మా తమ్ముడు ఇంజిన్‌లో మంచు పడుతోందంటాడు. బయట చూస్తే ఒళ్లంతా జిగట చెమట. ఇది మోడల్‌లో బగ్గా, నా జాయ్‌స్టిక్ జబ్బా, నిజంగా మంచేనా? అన్నట్టు, నేరుగా పోతున్నప్పుడు విమానం మెల్లగా ఎడమకి వాలుతోంది. దానికీ దీనికీ సంబంధం ఉందా?

కాంటాక్ట్_క్లీనర్

జాయ్‌స్టిక్కే, ఇంకేం వెతక్కండి. భీమవరంలో చాలా ఏళ్లు టీవీలు, ఆంప్లిఫయర్లు బాగుచేశాను. పాత రేడియోలో వాల్యూమ్ తిప్పితే గరగరమనేది గుర్తుందా? లోపల కార్బన్ పట్టీ మీద చిన్న రేకు నాలుక ఒకటి రుద్దుకుంటూ పోతుంది. పట్టీ అరిగినా, చెమ్మా దుమ్మూ చేరినా అక్కడ కాంటాక్ట్ తప్పుతుంది. మీ థ్రాటిల్ మీట కింద ఉన్నదీ అలాంటి పొటెన్షియోమీటరే, మేం ‘పాట్’ అంటాం. సముద్రం పక్కన ఊళ్లలో ఇవి ఎంత త్వరగా పాడవుతాయో నన్నడగండి. విండోస్‌లో గేమ్ కంట్రోలర్స్ సెట్టింగ్ తెరిచి, థ్రాటిల్ సగంలో వదిలేసి, చేయి తీసేసి గీతను చూడండి. వణికిందంటే దొంగ దొరికినట్టే.

గట్టుమీద_గాలి

తమ్ముడు చెప్పిందే నిజం అనుకుంటున్నాను. నవ్వకండి. పెళ్లి వంటల దగ్గరికి ఎప్పుడైనా వెళ్లారా? మే నెల, రేకుల షెడ్డు, పెద్ద పొయ్యి మీద గుండిగ. ఆ పొయ్యికి తగిలించిన గ్యాస్ బండ అడుగు చూడండి. ముందు చెమట పడుతుంది, కాసేపటికి తెల్లగా మంచు కడుతుంది. మంట సన్నబడుతోందని వంటవాళ్లు బండను నీళ్ల తొట్టిలో కూర్చోబెడతారు. లోపల ద్రవం ఆవిరవుతూ చుట్టూ ఉన్న వేడిని లాగేసుకోవడం వల్ల వచ్చిన మంచు అది. గాలిలో పెట్రోలు కలిపే కార్బురేటర్‌లో పెట్రోలు చేసేదీ అదే. దానికి తోడు సన్నటి గొంతులోంచి దూసుకుపోయే గాలి ఒత్తిడి తగ్గి ఇంకా చల్లబడుతుంది. రెండూ కలిస్తే ఉష్ణోగ్రత 30 డిగ్రీలకు పైగా కూడా పడిపోవచ్చు. పైకి పోయేకొద్దీ వెయ్యి అడుగులకు సుమారు 2 డిగ్రీలు తగ్గుతుంది కాబట్టి, నేల మీద 30 ఉంటే మీరున్న 4000 అడుగుల దగ్గర 22. ఇక సున్నా కిందకి పోవడానికి అడ్డేముంది? మన గాలిలో తేమకి కరువా! థ్రాటిల్ తగ్గించినప్పుడు లోపలి రేకు దాదాపు మూసుకుని ఉంటుంది. ఉన్న ఆ కాస్త సందూ ముందు పూడేది అప్పుడే. మీకు దిగేటప్పుడే ఎందుకొస్తోందో చూశారా?

ఎడమకి వాలడం వేరే సంగతి. ఒక్కరే ఎడమ సీట్లో కూర్చుని, కుడి సీటు ఖాళీగా పెట్టి ఉంటారు. లోడింగ్ పేజీలో పక్కన ఒక మనిషిని కూర్చోబెట్టండి. ఇంధనం మీట రెండు ట్యాంకుల మీదా ఉందో లేదో కూడా చూసుకోండి. కుడి ట్యాంకు ఒక్కదాని మీదే ఉంటే, అది ఖాళీ అయ్యేకొద్దీ ఎడమ రెక్క బరువవుతుంది.

కాకినాడ_కాక్‌పిట్

గ్యాస్ బండ కథ బాగుంది గాలిగారూ. కానీ మా నాన్నగారి మోపెడ్‌కీ కార్బురేటరే. ఏళ్ల తరబడి యానాం రోడ్డు మీద తిరిగింది, ఒక్కనాడు మంచు పట్టి ఆగలేదు.

అది సరదాకన్నాను. అసలు పాయింటు ఇది. 1968 నుంచి 172లకు లైకమింగ్ కంపెనీ ఇంజిన్ వచ్చింది. అందులో కార్బురేటర్‌ను వేడి ఆయిల్ నిలిచే సంపుకే బిగిస్తారు. అంతకుముందున్న కాంటినెంటల్ ఇంజిన్‌తో పోలిస్తే దీనికి మంచు బెడద బాగా తక్కువ. మరి ఈ మోడల్‌లో నాలుగైదు నిమిషాల్లోనే ఇంజిన్ చచ్చిపోతోందంటే, చేసినవాళ్లు ఎక్కడో లెక్క ఎక్కువ కట్టారు. నేనైతే మంచు పట్టించే ఐసింగ్ ఆప్షన్ ఆఫ్ చేసి హాయిగా తిరుగుతాను.

గట్టుమీద_గాలి

సంపు మాట ఒప్పుకుంటాను, మంచి మాటే. తక్కువ అన్నారు గానీ లేదనలేదుగా? అసలు లేకపోతే 172ఎన్ ప్యానెల్ మీద కార్బురేటర్‌లోకి వేడి గాలి పంపే కార్బ్ హీట్ మీట ఎందుకు పెట్టారు? బయట 38 డిగ్రీలు, తేమ 50 శాతం ఉన్నా మంచు కట్టొచ్చని అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ శిక్షణ పుస్తకాల్లోనే రాసి ఉంటుంది. 21 డిగ్రీల లోపు, తేమ 80 శాతం దాటితే మరీ ఎక్కువ. ఇక మోపెడ్ అంటారా, పది నిమిషాలు థ్రాటిల్ మూసి కొండ దిగే పని యానాం రోడ్డు మీద ఎక్కడుందండీ?

అత్తిలి_అబ్బాయి

కరెంటు పోయి ఇన్వర్టర్ మీదకి మారినప్పుడు యూఎస్‌బీ ఊడి ఉంటుందేమో అన్నా? నాకు అలాగే అయింది.

గట్టుమీద_గాలి

అదైతే స్టిక్కూ రడ్డరూ కూడా ఒకేసారి పోవాలి తమ్ముడూ. ఆయనకి ఇంజిన్ ఒక్కటే పోతోంది. రాజోలుగారూ, వాదనలెందుకు, అదే వాతావరణంలో అదే రూటులో 172ఎస్ నడపండి. దానిది ఫ్యూయెల్ ఇంజెక్షన్, కార్బురేటరే లేదు. అందులోనూ ముల్లు పడితే నేను తప్పు.

రాజోలు_172

నిన్న రాత్రి భోంచేసి కూర్చుంటే లేచేసరికి ఒంటిగంట. లైవ్ వాతావరణంలో కింద 30 డిగ్రీలు, డ్యూ పాయింట్ (గాలిలో తేమ నీళ్లుగా మారే ఉష్ణోగ్రత) 26. పైన థర్మామీటర్ 22 చూపించింది, గాలిగారు చెప్పినట్టే. 172ఎస్ బంగారంలా దిగింది, ఇదే జాయ్‌స్టిక్‌తో. తర్వాత 172ఎన్‌కి జాయ్‌స్టిక్ పీకేసి, కీబోర్డుతో నడిపాను. 1500 నుంచి 1250కి పడింది. లైవ్ వాతావరణం తీసేసి పొడి ఆకాశం పెడితే ముల్లు కదల్లేదు.

క్లీనర్‌గారూ, మీ మాటా పూర్తిగా తప్పు కాదు. చేయి తీసేసినా గీత వణుకుతోంది. క్రూజ్‌లో, అంటే ఎత్తు మారకుండా పోతున్నప్పుడు, 40 ఆర్‌పీఎం అటూ ఇటూ ఊగుతోంది.

సిగ్గేసి ఒకటి చెప్పలేదు. కార్బ్ హీట్ మొదటి రోజే లాగాను. లాగగానే ముల్లు ఇంకో 100 పడింది, ఇంజిన్ గడగడా వణికింది. ‘చంపేశాన్రా బాబూ’ అని వెంటనే లోపలికి తోసేశాను. అందుకే మంచు కాదనుకున్నాను.

గట్టుమీద_గాలి

ఈ ముక్క మొదటే చెప్పుంటే మనకింత చర్చ ఉండేది కాదు! వేడి గాలి పలచన. అది లోపలికి పోగానే మిశ్రమంలో పెట్రోలు వాటా ఎక్కువై ఆర్‌పీఎం పడుతుంది. పైగా కరిగిన మంచు నీళ్లై ఇంజిన్‌లోకే పోతుంది, ఆ దగ్గు అదే. మంచు లేకపోతే ముల్లు కాస్త పడి అక్కడే ఉంటుంది. ఉంటే పడుతుంది, దగ్గుతుంది, కాసేపటికి పైకి లేస్తుంది. మీరు సరిగ్గా మందు పనిచేసే టైంలో ఆపేశారు. ఇంకోటి, థ్రాటిల్ తగ్గించకముందే లాగాలి. ఆ వేడి వచ్చేది సైలెన్సర్ గొట్టాల నుంచి. ఇంజిన్ నీరసపడ్డాక గొట్టాల్లో వేడేం మిగులుతుంది?

కాకినాడ_కాక్‌పిట్

ఓకే, మంచే. కానీ ఆ వేగం ఎక్కువన్న నా మాట అలాగే ఉంది. నిజం విమానంలో ఇంత త్వరగా పడదు. నేర్చుకునేవాళ్లకి ఆన్‌లో ఉండటం మంచిదే. నేను షిఫ్ట్ దిగొచ్చి కొబ్బరితోటలు చూద్దామని కూర్చునేవాడిని, నాకెందుకీ టెన్షన్?

గట్టుమీద_గాలి

ఆఫ్ చేసుకోండి, ఎవరు కాదన్నారు? బగ్ అనకండి, అంతే.

రాజోలు_172

ఇప్పుడే దిగాను. రావులపాలెం వంతెన కనపడగానే, థ్రాటిల్ ముట్టుకోకముందే హీట్ లాగాను. 2300 నుంచి 2200. చేతులు కట్టుకుని కూర్చున్నాను, మీట వైపు పోకుండా. ఒక దగ్గు, ఇంకో దగ్గు, తర్వాత 2250. కడియం పైనుంచే దాటాను. నర్సరీలు పైనుంచి ఇంత బాగుంటాయని ఇప్పుడే తెలిసింది.

కాంటాక్ట్_క్లీనర్

సంతోషం. ఆ 40 ఆర్‌పీఎం ఊగిసలాట మాత్రం మంచు కాదు, గుర్తుంచుకోండి. ఆదివారం కింద స్క్రూలు విప్పి, పాట్ సందులోకి కాస్త కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, మీట ఇరవైసార్లు అటూ ఇటూ ఆడించండి. విప్పాక ఫోటో పెట్టండి. కొబ్బరినూనె మాత్రం వేయకండి, పాలకొల్లులో ఒకాయన అదే పని చేసి నా దగ్గరికొచ్చాడు.