ఐల్ట్స్ స్పీకింగ్ లో మొబైల్ యాప్ కార్డు వచ్చింది, నలభై సెకన్లకే ఆగిపోయా. ఇలాంటి వాటికి ఏం చెప్పాలి?

స్టాఫ్‌నర్స్_రాజమండ్రి:

అందరికీ నమస్తే అండి. మాది రాజమండ్రి, హైదరాబాద్ లో ఐసీయూలో స్టాఫ్ నర్స్ గా చేస్తున్నా. యూకే కోసం ఐల్ట్స్ అకడమిక్ ఇంగ్లీష్ పరీక్ష రాశా, లిజనింగ్, రీడింగ్ రెండూ 7 దాటాయి, రైటింగ్ 6.5 వచ్చింది, స్పీకింగ్ మాత్రం 6.5 దగ్గర ఆగిపోయింది. ఎన్ఎంసీ వాళ్లకి, అంటే యూకేలో నర్సులని రిజిస్టర్ చేసే కౌన్సిల్ కి, స్పీకింగ్ లో 7 ఉండాలి కదా, అర బ్యాండ్ లో, అంటే అర మార్కులో పోయింది, నాలుగు రోజుల్నుంచి సరిగ్గా అన్నం కూడా తినట్లేదు.

పార్ట్ 1 లో ఊరు గురించి, డ్యూటీ గురించి అడిగారు, బాగానే చెప్పా. పార్ట్ 2 లో కార్డు ఇచ్చారు, నీకు బాగా పనికొచ్చే ఒక మొబైల్ యాప్ గురించి చెప్పు, అదేంటి, ఎలా తెలిసింది, ఎప్పుడు వాడతావ్, ఎందుకు ఉపయోగం అని. చూడగానే హమ్మయ్య తేలికైంది వచ్చింది అనుకుని వాట్సాప్ అని రాసుకున్నా. మెసేజ్ లు పంపొచ్చు, ఫోటోలు పంపొచ్చు, వీడియో కాల్ చెయ్యొచ్చు, గ్రూపులుంటాయి, స్టేటస్ పెట్టుకోవచ్చు, అంతే, అయిపోయింది. నలభై సెకన్లు అయ్యుంటుందేమో. ఎగ్జామినర్ గారు నావైపే చూస్తున్నారు, నాకు మాట రావట్లేదు, వెరీ యూజ్‌ఫుల్ వెరీ యూజ్‌ఫుల్ అని అదే మాట తిప్పి తిప్పి చెప్పా. ఆ కంగారులోనే పార్ట్ 3 కి వెళ్లిపోయాం, పెద్దవాళ్లు యాప్స్ వాడటానికి ఎందుకు వెనకాడతారు అని అడిగితే ఒక్క లైన్ చెప్పి ఊరుకున్నా.

కోచింగ్ లో ఇలాంటి కార్డులన్నిటికీ రెడీమేడ్ ఆన్సర్లు ప్రింట్ తీసి ఇచ్చారు, బట్టీ పట్టమంటున్నారు. పట్టాలా? అసలు ఏ యాప్ చెప్తే మంచిది? నా యాక్సెంట్ పూర్తిగా తెలుగు యాక్సెంట్, దానివల్ల ఏమైనా తగ్గిందా? తెలిసినవాళ్లు చెప్పండి ప్లీజ్.


లీడ్స్_నైట్‌షిఫ్ట్:

చెల్లీ, ముందు అన్నం తిను. నాది నెల్లూరు, ఇక్కడ యూకేలో లీడ్స్ లో వార్డులో చేస్తున్నా, నాక్కూడా మొదటిసారి స్పీకింగ్ లోనే పోయింది. ఒక సంగతి నీకు తెలుసో లేదో, ఎన్ఎంసీ వాళ్లు 12 నెలల్లోపు రాసిన రెండు టెస్టులు కలిపి చూస్తారు, రెండిట్లో కలిపి అన్నిట్లోనూ కావాల్సిన మార్కు వచ్చి ఉండాలి, ఏ ఒక్కదాంట్లోనూ అర బ్యాండ్ కంటే ఎక్కువ తగ్గకూడదు. నీ స్పీకింగ్ 6.5 ఆ లెక్కలో సరిపోతుంది. కాబట్టి ఈసారి స్పీకింగ్ మీద మనసు పెట్టు, మిగతావి మరీ జారిపోకుండా చూసుకో చాలు. అప్లై చేసేముందు వాళ్ల సైట్ లో ఒకసారి రూల్ చదువుకో.

ఇక యాప్ సంగతి. వాట్సాప్ తప్పని కాదు, కానీ అది అందరూ అన్నిటికీ వాడేది, అందుకే నీ నోట్లోంచి ఫీచర్ల లిస్ట్ వచ్చింది. లిస్ట్ ఎవరు చెప్పినా నలభై సెకన్లే వస్తుంది. నువ్వు డ్యూటీ మారేటప్పుడు హ్యాండోవర్ ఇస్తావ్ కదా, పేషెంట్ ఎప్పుడొచ్చాడు, రాత్రి ఏమైంది, మనం ఏం చేశాం, ఇప్పుడెలా ఉన్నాడు అని. అందులో నీకు మాట ఆగుతుందా? ఆగదు, ఎందుకంటే అక్కడ జరిగింది చెప్తున్నావ్. యాప్ గురించి కూడా అలాగే చెప్పు. ఆ యాప్ లేనప్పుడు ఏం ఇబ్బంది పడ్డావ్, ఎవరు చెప్పారు, ఒక రోజు ఏం జరిగింది, ఇప్పుడెలా ఉంది.

నేను రెండోసారి ఫోన్‌పే చెప్పా. అప్పుడు చెన్నైలో ఉండేదాన్ని, ఒక రాత్రి నెల్లూరులో నాన్నకి ఇన్సులిన్ అయిపోయింది, ఇంట్లో చేతిలో డబ్బుల్లేవు, మెడికల్ షాపతను క్యూఆర్ కోడ్ ఫోటో తీసి పంపితే నేను హాస్టల్ మంచం మీద కూర్చుని డబ్బులు కొట్టా, పది నిమిషాల్లో ఇన్సులిన్ ఇంటికొచ్చింది. ఇది చెప్తుంటే టైమే తెలీలేదు, రెండు నిమిషాలు కాగానే ఎగ్జామినరే ఆపారు. యూపీఐ అంటే ఎగ్జామినర్ కి తెలియకపోవచ్చని, బ్యాంకు అకౌంట్ లోంచి నేరుగా ఇంకో అకౌంట్ కి వెళ్తుంది, పిన్ కొట్టాలి, 2016 లో మొదలైంది అని రెండు ముక్కలు వివరించా. అలా వివరించడం వల్ల ఇంకాస్త ఇంగ్లీష్ బయటికొస్తుంది.


స్పీకింగ్_మాస్టారు_బెజవాడ:

నేను విజయవాడలో పిల్లలకి స్పీకింగ్ చెప్తుంటానమ్మా. పైన అక్క చెప్పిన హ్యాండోవర్ పోలిక చాలా బాగుంది, రేపట్నుంచి నా క్లాసులో నర్సులకి అదే చెప్తా.

ముందు మార్కులు ఎలా వేస్తారో చూడు. మొత్తం 11 నుంచి 14 నిమిషాలు, అందులో నాలుగు చూస్తారు, ఆగకుండా ఒక వరసలో చెప్తున్నావా, పదాలు ఎన్ని రకాలు వాడుతున్నావ్, గ్రామర్, ఉచ్చారణ. నాలుగిటికీ సమానంగా పాతిక శాతం. నీ 6.5 అంటే బహుశా రెండిట్లో 7, రెండిట్లో 6 వచ్చుంటాయి, కాబట్టి నువ్వు లాగాల్సింది ఆ రెండే. ఏ యాప్ చెప్పావ్, నీ అభిప్రాయం మంచిదా కాదా, ఇవేవీ లెక్కలోకి రావు. తెలుగు యాక్సెంట్ ఉన్నందుకు మార్కు తగ్గించరు, అర్థం కాకపోతేనే తగ్గుతుంది.

యాక్సెంట్ వేరు, మాట సరిగ్గా పలకడం వేరు. మనం యాప్ అంటాం, ఇంగ్లీషులో ఆ మాట ముందు య లేదు, నోరు బాగా తెరిచి నేరుగా అచ్చుతోనే మొదలుపెట్టాలి. కొందరు ఏ పీ పీ అని విడివిడి అక్షరాలుగా చదువుతారు, అది అస్సలు వద్దు. ఎవ్రీ ని యెవ్రీ అనడం, ఓన్లీ ని వోన్లీ అనడం, ఫోన్ ని ఫోను, డౌన్‌లోడ్ ని డౌన్‌లోడు అని చివర ఉకారం తగిలించడం, ఇవన్నీ మన నాలుకకి అలవాటైనవి. రోజుకి ఐదు నిమిషాలు నీ గొంతు రికార్డ్ చేసుకుని వింటే నీకే వినపడతాయి.

గ్రామర్ లో యాప్ టాపిక్ వస్తే మనవాళ్లు దాదాపు అందరూ చేసే తప్పులు కొన్ని ఉన్నాయి, ఇవి దిద్దుకుంటే చాలా మారుతుంది. మూడేళ్ల నుంచి వాడుతున్నా అన్నది మనసులో ఉంటుంది, అందుకే ఐ యామ్ యూజింగ్ ఫ్రమ్ త్రీ ఇయర్స్ అని వచ్చేస్తుంది, అనాల్సింది ఐ హావ్ బీన్ యూజింగ్ ఇట్ ఫర్ త్రీ ఇయర్స్. ఇన్ మై మొబైల్ కాదు, ఆన్ మై ఫోన్. మై ఫ్రెండ్ సజెస్టెడ్ మీ దిస్ యాప్ అంటారు, రికమెండెడ్ ఇట్ టు మీ అనాలి. డబ్బులు కట్ అయ్యాయి అని మనం అంటాం కదా, మనీ గాట్ కట్ అంటే వాళ్లకి అర్థం కాదు, ద మనీ వాజ్ డిడక్టెడ్ అను. ఐ యామ్ హావింగ్ దిస్ యాప్ వద్దు, ఐ హావ్ చాలు. ఇంకా యూజ్‌ఫుల్ అన్న మాట ఒక్కసారి అన్నాక మళ్లీ అనకు, దానివల్ల ఏం తగ్గిందో చెప్పు, టైమా, తిరుగుడా, భయమా.

బట్టీ మాత్రం పట్టకు తల్లీ. బట్టీ పట్టినవాళ్ల గొంతు వేరేగా ఉంటుంది, వేగం పెరుగుతుంది, ఎత్తుపల్లాలు ఉండవు, అది గుర్తుపట్టడానికి ఎగ్జామినర్లకి ట్రైనింగ్ ఉంటుంది. పైగా పార్ట్ 3 కి వచ్చేసరికి ఆ భాష మాయమైపోతుంది, తేడా తెలిసిపోతుంది.


ఓరుగల్లు_పోరడు:

మాస్టారూ మీరు చెప్పింది కరెక్టే గానీ అసలేం తయారుచేసుకోకుండా పోతే నాలాంటోళ్లకు కష్టమే. నేను తెలుగు మీడియంల చదివిన, మొదటిసారి పోయినప్పుడు నోరే లేవలేదు. రెండోసారి నేనేం చేసిన్నంటే నా బతుకుల జరిగిన ఆరు సంగతులు రాసి పెట్టుకున్న, వాక్యాలు కాదు, ఒట్టి ముక్కలు. ఎవరు, ఎక్కడ, ఏమైంది, గంతే. యాప్ అని వచ్చినా, సాయం చేసిన మనిషి అని వచ్చినా, ప్రయాణం అని వచ్చినా ఆ ఆరిట్ల ఏదో ఒకటి అతుకుతది. రోజూ ఒక్కో తీరుగ చెప్పేటోణ్ణి, ఒకటే మాటలు మళ్ల రాకుండ. ఆలోచించుకోను ఒక నిమిషం ఇస్తరు గదా, అప్పుడు కాగితం మీద ఐదు మాటలు రాస్కునుడు అట్ల అలవాటైంది. 7 వచ్చింది అక్కా నాకు.


స్పీకింగ్_మాస్టారు_బెజవాడ:

తమ్ముడూ నువ్వు చేసింది బట్టీ కాదు, సాధన. నేను వద్దన్నది ప్రింట్ పేపర్ నే. నీ పద్ధతి చాలా మంచిది, అందరూ చెయ్యొచ్చు.


స్టాఫ్‌నర్స్_రాజమండ్రి:

అందరికీ చాలా థ్యాంక్స్ అండి, చదువుతుంటే కళ్లలో నీళ్లొచ్చాయి. నిన్న నైట్ డ్యూటీ అయ్యాక కూర్చుని ఆలోచించా, నాకు నిజంగా పనికొచ్చింది వేర్ ఈజ్ మై ట్రైన్ అనే యాప్. సెలవు దొరికినప్పుడల్లా గోదావరి ఎక్స్‌ప్రెస్ లో ఇంటికెళ్తా, రాజమండ్రి చేరేసరికి అర్ధరాత్రి దాటిపోతుంది. బండి ఎంత లేటో తెలీక నాన్న ముందే బైక్ మీద స్టేషన్ కి వచ్చి ప్లాట్‌ఫామ్ బెంచీ మీద కూర్చునేవారు, చలికాలంలో ఒకసారి రెండు గంటలకి పైగా కూర్చుని జ్వరం తెచ్చుకున్నారు. తర్వాత మా వార్డులో ఒక సిస్టర్ ఈ యాప్ చెప్పింది, ట్రైన్ లో నెట్ లేకపోయినా సెల్ టవర్లని బట్టి ఎక్కడున్నామో చూపిస్తుంది, అందులో తెలుగు కూడా ఉంది. నాన్న ఫోన్ లో తెలుగులో పెట్టిచ్చా. ఇప్పుడు బండి కొవ్వూరు దగ్గరికి వచ్చిందని చూసుకుని అప్పుడు ఇంట్లోంచి బయల్దేరతారు, నేను గోదావరి బ్రిడ్జి దాటి దిగేసరికి బయట ఉంటారు.

ఇదే ఇంగ్లీష్ లో చెప్పి ఫోన్ లో టైమర్ పెట్టుకున్నా, ఒక నిమిషం యాభై సెకన్లు వచ్చింది! ఒకటే డౌట్, నాన్న నాకోసం ఎదురుచూసేవారు అన్నదానికి మై ఫాదర్ వాజ్ వెయిటింగ్ మీ అన్నా, రైటేనా? ఇంకా పార్ట్ 3 లో పెద్దవాళ్ల ప్రశ్న మళ్లీ వస్తే నాన్న గురించే చెప్పొచ్చా?


స్పీకింగ్_మాస్టారు_బెజవాడ:

వెయిటింగ్ ఫర్ మీ అమ్మా, ఫర్ మర్చిపోకు. పైగా అది ప్రతిసారీ జరిగేది కాబట్టి మై ఫాదర్ యూజ్డ్ టు వెయిట్ ఫర్ మీ అంటే ఇంకా బాగుంటుంది, గ్రామర్ లో అది కూడా కలిసొస్తుంది. పార్ట్ 3 లో మాత్రం నాన్నతో మొదలుపెట్టకు, అక్కడ అడిగేది జనం గురించి. చాలామంది పెద్దవాళ్లకి అక్షరాలు చిన్నగా ఉంటాయి, భాష ఇంగ్లీషులో ఉంటుంది, ఓటీపీ అడిగి డబ్బులు లాగేస్తారేమోనని భయం ఉంటుంది అని కారణాలు చెప్పు, తర్వాత సొంత భాషలో ఉంటే వాళ్లూ వాడతారు, మా నాన్నే ఉదాహరణ అని ఒక్క వాక్యం పెట్టు, మళ్లీ జనం దగ్గరికి వచ్చెయ్.


లీడ్స్_నైట్‌షిఫ్ట్:

చెల్లీ, ఆ బెంచీ ముక్క, జ్వరం ముక్క తీసెయ్యకు, అవి చెప్పేటప్పుడు తొందరపడకు. డేట్ బుక్ చేసుకున్నాక ఇక్కడ రాయి, నాకు ఆఫ్ ఉన్న రోజు చూసుకుని కాల్ లో ఒకసారి ఎగ్జామినర్ లా కూర్చుంటా.