వాకిట్లో తెరుచుకుని మూసుకునే పందిరి: తీగలు ఎటు లాగాలి?

వాకిలి కుట్టుమిషను (అడిగినవారు)

అందరికీ నమస్కారం. మాది ఒంగోలు దాటాక కొత్తపట్నం వైపు ఊరు. ఇంటి నుంచి సముద్రం కిలోమీటరున్నర ఉంటుంది. ఉత్తరం వాకిలి ఇల్లు. ముందు వాకిలి గోడ వెంబడి 22 అడుగుల పొడవు, వీధి వైపుకు 16 అడుగుల వెడల్పు. నేను బట్టలు కుడతాను. ముగ్గురు ఆడపిల్లలు నా దగ్గర పని నేర్చుకుంటున్నారు. ఇంట్లో గదులు చిన్నవి కాబట్టి మిషన్లు వాకిట్లోనే.

నా ఇబ్బంది ఏంటంటే, ఈ ఒక్క వాకిలే రోజులో మూడు పనులకు కావాలి. ఎండాకాలం పొద్దున ఏడు నుంచి పదకొండు దాకా మా అత్తమ్మ మిరపకాయలు, ఒడియాలు ఎండబెడుతుంది. అప్పుడు పైన ఏమీ ఉండకూడదు. పదకొండు నుంచి సాయంత్రం దాకా మాకు నీడ కావాలి. రోహిణీ కార్తెలో అయితే సిమెంటు గచ్చు మీద చెప్పులు లేకుండా నిలబడలేం. రాత్రికి నవారు మంచాలు వేసుకుని ఆకాశం కింద పడుకుంటాం. ఇక అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వాన. మా వైపు అసలు వానలు ఆ మూడు నెలల్లోనే. రేకులు వేయించుకోమని అందరూ అంటున్నారు. రేకులు వేస్తే అత్తమ్మ మిరపకాయలు ఎక్కడ పోసుకోవాలి?

పోయిన ఏడాది నీలం రంగు టార్పాలిన్ పట్టా కొని, గోడకు రెండు కొక్కేలు, వీధి వైపు రెండు జీఐ పైపులు పెట్టి నాలుగు మూలలా కట్టాం. మే నెలలో ఒక సాయంత్రం గాలివాన వచ్చింది. ముందు వాన కురిసి పట్టా మధ్యలో నీళ్ళు చేరాయి. గేదె పొదుగులా కిందికి దిగింది. నేనూ ఒక పిల్లా కర్ర పెట్టి పైకి తోస్తుంటే గాలి అందుకుంది. ముడులు తడిసి బిగుసుకుపోయి ఒక్కటీ ఊడి రాలేదు. నేను కత్తెర తెచ్చేలోపే మూలన ఉన్న ఇత్తడి రింగు బట్టలోంచి ఊడి వచ్చేసింది. ఆ మూల ఇప్పటికీ దాచాను. రింగు చెక్కుచెదరలేదు, దాని చుట్టూ బట్ట మాత్రం పోగులు పోగులుగా విడిపోయి ఉంది. ఒక పైపు వంగింది. కొత్త మిషను మోటారులోకి నీళ్ళు పోయాయి.

ఈసారి నేనే కుట్టుకోవాలనుకుంటున్నాను. గోడ నుంచి వీధి వైపుకు 16 అడుగుల తీగలు నాలుగు లాగి, బట్టకు రింగులు కుట్టి, కర్టెన్‌లా గోడ వైపుకు లాగేస్తే మూసుకునేట్టు. ఇది సరైన పద్ధతేనా? బట్ట ఏది తీసుకోవాలి? తీగలు బిగించేముందు అడిగి తెలుసుకుందామని రాస్తున్నాను.

కందుకూరు షామియానా

అక్కా, మాది షామియానాల పని, మా నాన్న కాలం నుంచి చేస్తున్నాం. మీ ఆలోచన బాగుంది కానీ తీగలు అటు కాదు, ఇటు లాగాలి. గోడ నుంచి వీధికి కాదు, గోడ వెంబడి. అంటే 22 అడుగుల వైపు.

ఎందుకో చెప్తాను. మీరు దర్జీ కాబట్టి వెంటనే అర్థమవుతుంది. కర్టెన్ బట్ట పూర్తిగా లాగనప్పుడు తీగల మధ్య కుచ్చులు పడతాయి కదా. మీరు అనుకున్నట్టు వాలు వెంబడి తీగలు లాగితే ఆ కుచ్చులు వాలుకు అడ్డంగా పడతాయి. ప్రతి కుచ్చూ ఒక తొట్టి. సగం మూసి ఉన్నప్పుడు వాన వస్తే పది తొట్లలో నీళ్ళు నిలుస్తాయి. అదే తీగలు గోడకు సమాంతరంగా, గోడ దగ్గరి తీగ పదడుగుల ఎత్తులో, మధ్య తీగ ఎనిమిదిన్నర, వీధి వైపు తీగ ఏడు అడుగుల ఎత్తులో పెట్టండి. అప్పుడు కుచ్చులు చీర కుచ్చిళ్ళలాగా పైనుంచి కిందికి పడతాయి. సగం మూసినా ప్రతి కుచ్చూ కాలువలా నీళ్ళను వీధి వైపుకు దింపేస్తుంది.

వాలు తగ్గించొద్దు. 16 అడుగులకు మూడడుగులు దిగాల్సిందే. తడిసిన బట్ట సాగుతుంది, తక్కువ వాలులో మళ్ళీ పొదుగే.

బట్ట ఒకటి కాదు, రెండు కొనుక్కోండి. ఎండకు 75 శాతం షేడ్ నెట్. వేడి గాలి దాని కన్నాల్లోంచి పైకి పోతుంది. టార్పాలిన్ కింద ఆ వేడి అక్కడే నిలిచి తల మాడుతుంది, అది మీరు చూసే ఉంటారు. వానాకాలానికి నెట్ విప్పి అవే రింగులకు మందపాటి పట్టా తగిలించండి. షామియానా గుడ్డ మాత్రం వద్దు. అది పెళ్ళికి, రెండు రోజులకు. ఉప్పుగాలిలో మీ వాకిట్లో ఏడాది ఆగదు.

నెల్లూరు స్ట్రక్చర్స్

మేడమ్, పైన అన్నగారు చెప్పింది నూటికి నూరు శాతం కరెక్ట్. నేను గాలి లెక్క చెప్తాను, ఎందుకంటే మీ పైపు వంగడానికి కారణం అదే.

గాలి ఒత్తిడికి సూత్రం చిన్నదే. సెకనుకు ఎన్ని మీటర్ల వేగమో ఆ అంకెను దానితోనే గుణించి, 0.6తో గుణిస్తే చదరపు మీటరుకు ఎన్ని న్యూటన్లో వస్తుంది. కట్టడాల మీద పడే బరువులకు మన దేశ ప్రమాణమైన ఐఎస్ 875 మూడో భాగంలో ఉన్నది ఇదే. మీ వాకిలి సుమారు 33 చదరపు మీటర్లు. గాలి గంటకు 54 కిలోమీటర్లు అంటే సెకనుకు 15 మీటర్లు. చదరపు మీటరుకు 135 న్యూటన్లు, దాదాపు 14 కిలోలు. మొత్తం గుడ్డ మీద 450 కిలోలు. గుడ్డ ఆకారాన్ని బట్టి కొంత అటూ ఇటూ అవుతుంది. ఒక మామూలు వేసవి గాలివానకే ఇది. వేగం రెట్టింపైతే బరువు రెట్టింపు కాదు, నాలుగు రెట్లు. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు గాలి గంటకు 90 నుంచి 100 కిలోమీటర్లు. 100 దగ్గర లెక్క వేస్తే మీ గుడ్డ మీద ఒకటిన్నర టన్ను.

దాన్ని తట్టుకునేట్టు కట్టాలంటే అది పందిరి కాదు, పెద్ద స్టీలు షెడ్డు అవుతుంది. కాబట్టి గాలితో పోట్లాడే డిజైన్ వద్దు. గాలి రాకముందే మూసేసే డిజైన్ కావాలి. తెరవడానికి పది నిమిషాలు పట్టినా పర్వాలేదు. మూయడానికి మాత్రం ఒక మనిషి, ఒక చెయ్యి, అర నిమిషం. మిగతావన్నీ దీన్ని బట్టి నిర్ణయించుకోండి. తుఫాను హెచ్చరిక వస్తే మూయడం కూడా చాలదు, గుడ్డను విప్పి ఇంట్లో పెట్టేయాలి. మూసిన మూట కూడా గాలికి విప్పుకుంటుంది.

ఇదే దారిలో ఆలోచించినవాడు జర్మనీ ఆర్కిటెక్ట్ ఫ్రై ఒట్టో. 1968లో బాద్ హెర్స్‌ఫెల్డ్ అనే ఊళ్ళో పైకప్పు లేని పాత చర్చి శిథిలంలో నాటకాలు ఆడే చోటికి గుడ్డ కప్పు వేశాడు. వాన వస్తే పరుచుకుంటుంది, లేకపోతే స్తంభం దగ్గరికి ముడుచుకుని పైకి పోతుంది. 2015లో ఆయనకు ఆర్కిటెక్టులకిచ్చే పెద్ద బహుమతి ప్రిట్జ్‌కర్ ఇచ్చారు.

ఇంకొక్క మాట. తీగను వీణ తీగలా బిగించొద్దు. బట్టలారేసే దండెం గుర్తు తెచ్చుకోండి. దండెం ఎంత బిగుతుగా ఉంటే ఒక్క తడి దుప్పటికే గుంజ అంత లోపలికి వంగుతుంది. 22 అడుగులకు మధ్యలో మూడు నాలుగు అంగుళాల జారుడు ఉంచండి. రెండు చివరలా స్తంభాలకు బయటి వైపు ఊత తీగ తప్పనిసరి. సముద్రం దగ్గర కాబట్టి తీగ స్టెయిన్‌లెస్ స్టీలుదే తీసుకోండి. 316 రకం దొరికితే 304 కంటే ఉప్పుకు బాగా ఆగుతుంది.

వాకిలి కుట్టుమిషను

అన్నా, మీరు కుచ్చిళ్ళు అనగానే నాకు మొత్తం కళ్ళకు కట్టింది. ఎన్ని వందల చీరలకు ఫాల్ కుట్టానో, ఈ మాట మాత్రం తట్టలేదు. తీగలు పొడవు వైపే వేస్తాను.

నెల్లూరు సార్, 450 కిలోలు అని చదివి మా ఆయనకు చూపించాను. మా మిచాంగ్ అనుభవం మీ లెక్కకు సరిపోయింది. ఆ ఏడు తాటాకు పందిరి ఉండేది. ముందు రోజే ఆకు అంతా దింపేశాం. గుంజలు ఒక్కటి కూడా కదల్లేదు. వీధిలో ఆకు దింపని పందిళ్ళు గుంజలతో సహా పడ్డాయి.

రింగు ఊడిపోవడం మీద నేను కొంచెం ఆలోచించాను. తప్పు రింగుది కాదు. బరువంతా రింగు చుట్టూ ఉన్న అంగుళం బట్ట మీద పడింది. అందుకే ఈసారి అంచు పొడవునా మంచానికి వాడే పాలిస్టర్ నవారు మడిచి లోపల పెట్టి రెండు వరసలు కుడతాను. రింగులు ఆ నవారుకే. దారం కాటన్ కాదు, పాలిస్టర్. సూది 18వ నంబరు. అతుకులన్నీ వాలు వెంబడి వచ్చేట్టు, అడ్డంగా వచ్చే చోట పై బట్ట కింది బట్ట మీదికి పెంకులా ఎక్కేట్టు. ఇంకా, తూర్పు పడమర చివర్ల అంచులు తిన్నగా కోస్తే గాలికి తపతపా కొట్టుకుంటాయి. జాకెట్టుకు చంక తిప్పినట్టు లోపలికి వంపు ఇచ్చి కోస్తే అంచు బిగుతుగా నిలుస్తుంది. 16 అడుగుల అంచుకు అడుగున్నర వంపు చాలనుకుంటున్నాను. తప్పైతే చెప్పండి.

ఒక సందేహం మిగిలింది. మూసినప్పుడు గుడ్డ తూర్పు చివరికి చేరాలా, పడమటి చివరికా? సముద్రం తూర్పున ఉంది. రోజూ మధ్యాహ్నం అటు నుంచే గాలి. ఆ గాలి తోస్తుంది కాబట్టి పడమటి చివరికి పెడితే తేలిగ్గా మూసుకుంటుందని అనుకుంటున్నాను.

పల్లెపాలెం తెరచాప

చెల్లెమ్మా, ఆగు. రోజూ వచ్చే గాలి చూసి కట్టొద్దు, కొట్టే గాలి చూసి కట్టు. ఎండాకాలం సాయంత్రం నీ పట్టా చింపిన గాలి ఎటు నుంచి వచ్చింది? మా వైపైతే ఆ గాలివాన పడమట మబ్బు కమ్మి అటు నుంచే వస్తుంది. సముద్రపు గాలి ఒక్కసారి ఆగిపోయి, ఊపిరి బిగబట్టినట్టు ఉండి, తర్వాత పడమర నుంచి దుమ్ముతో కొడుతుంది. ఆ గాలి ఆగినప్పుడే నువ్వు తాడు దగ్గర ఉండాలి. గుడ్డ తూర్పు చివరికి చేరేట్టు పెట్టు. ఒకవేళ ఆలస్యమైనా పడమటి గాలే దాన్ని మూసి పెడుతుంది. మామూలు రోజుల్లో సముద్రపు గాలికి ఎదురు లాగడం కొంచెం బరువు. ఆ మాత్రం నీ చేతికి ఏం కాదు.

తాళ్ళు మూడు వద్దు, ఒకటే పెట్టు. గుడ్డ కదిలే అంచుకు పైనుంచి కింద దాకా సన్నటి అల్యూమినియం పైపు కట్టి, ఆ పైపు మధ్యకు తాడు. రెండు చివరలా రెండు గిలకలు. తాడు వాటి చుట్టూ తిరిగి మళ్ళీ నీ దగ్గరికే రావాలి. ఒక వైపు లాగితే తెరుచుకోవాలి, ఇంకో వైపు లాగితే మూసుకోవాలి. తాడు చివర స్తంభానికి కొట్టిన చెక్క కొమ్ముకు ఎనిమిది అంకెలా చుట్టు. పీటముడి అసలు వేయొద్దు. తడిస్తే అది మనిషి మాట వినదు, నువ్వు చూశావుగా. చివర్లో జారుముడి, ఒక్క గుంజుకు ఊడి రావాలి. తాడు నైలాన్ కాదు, పాలిస్టర్. నైలాన్ తడిస్తే సాగుతుంది, ఎండకు తొందరగా పొడిబారుతుంది.

మీది ఇసుక నేల. ఊత తీగకు మేకు కొడితే పంటి కింద వేరుశనక్కాయలా ఊడి వస్తుంది. మూడడుగుల గొయ్యి తీసి తాటి మొద్దును అడ్డంగా పడుకోబెట్టి, తీగ దానికి చుట్టి, పూడ్చి, నీళ్ళు పోసి తొక్కండి. పడవలు ఒడ్డుకు లాగి కట్టేది మేం అట్టాగే.

పైన సారు విదేశాల సంగతి చెప్పారు కాబట్టి నేనూ ఒకటి చెప్తా. రోమ్‌లో కొలోస్సియం అని పెద్ద ఆటస్థలం ఉంది కదా, పాతకాలంలో దాని మీద జనానికి నీడ కోసం గుడ్డలు లాగింది ఓడల్లో పనిచేసే నావికులేనట. మా అబ్బాయి చదివి చెప్పాడు. తెరచాప లాగే చేతులకు తెలిసిన పనే కదా ఇది.

నెల్లూరు పెన్న ఒడ్డు

అక్కా, చిన్న మాట. మా అమ్మ ఉమ్రాకు వెళ్ళి వచ్చినప్పటి నుంచి మదీనా మసీదు గొడుగుల గురించే చెప్తుంది. బయటి ఆవరణలో 250 గొడుగులు, ఒక్కొక్కటి పాతిక మీటర్ల పైచిలుకు వెడల్పు. పొద్దున విచ్చుకుంటాయి, సాయంత్రం ముడుచుకుంటాయి. మీ వాకిట్లో మధ్యన స్తంభం అడ్డమవుతుంది కాబట్టి గొడుగు మీకు పనికిరాదు. కానీ వాటి నుంచి తీసుకోదగ్గది ఒకటుంది. అవి మన గొడుగులా బయటికి వాలవు, గరాటులా మధ్యకు వాలి నీళ్ళను స్తంభంలోంచి దింపుతాయి. మీ కుచ్చుల నీళ్ళు వీధిలోకి వదలకుండా వీధి వైపు తీగ కింద సగానికి కోసిన పీవీసీ పైపు పెట్టండి. పది మిల్లీమీటర్ల వానకే మీ గుడ్డ మీద 330 లీటర్లు పడతాయి. ఎదురింటి వాళ్ళతో గొడవా ఉండదు, డ్రమ్ములూ నిండుతాయి.

వాకిలి కుట్టుమిషను

నెల తర్వాత రాస్తున్నాను. పందిరి నిలబడింది. మూడు తీగలు, గోడ వెంబడి. తాటి మొద్దులు రెండు పూడ్చాం. షేడ్ నెట్‌కు నవారు కుట్టడానికి నాకు మూడు రాత్రులు పట్టింది. చంక వంపు బాగా కుదిరింది, అంచు చప్పుడు లేదు.

పోయిన గురువారం సాయంత్రం నాలుగున్నరకు సముద్రపు గాలి ఆగిపోయింది. కొత్తపట్నం వైపు ఆకాశం తెల్లగానే ఉంది, ఒంగోలు వైపు నల్లగా. పల్లెపాలెం అన్న మాట గుర్తొచ్చి మిషను ఆపి లేచాను. కొమ్ము మీద తాడు విప్పి లాగితే ఇరవై దాకా లెక్కపెట్టేలోపు నెట్ మొత్తం తూర్పు చివర మూటైంది. పిల్లలు మిషన్లు లోపలికి జరిపారు. నేను మూట చుట్టూ నవారు పట్టీ కడుతుండగా దుమ్ము వచ్చింది. స్తంభాలు ఊగలేదు.

రెండు సవరణలు చేయాలి. మధ్య తీగ అనుకున్నదానికంటే ఎక్కువ జారింది, తీగ బిగించే మర టర్న్‌బకిల్ రెండు చుట్లు తిప్పాలి. రాత్రిపూట ఖాళీ రింగులు తీగకు తగిలి టిక్కుటిక్కుమంటుంటే అత్తమ్మకు నిద్ర పట్టడం లేదు. వాటికి పాత జీన్స్ గుడ్డతో తొడుగులు కుడుతున్నాను, ఇప్పటికి పదకొండు అయ్యాయి, ఇంకా ఇరవై రెండు ఉన్నాయి. వాన పట్టా ఆగస్టులో కుడతాను. దానికి పీవీసీ పైపు ఎన్ని అంగుళాలది తీసుకోవాలో పెన్న ఒడ్డు తమ్ముడు చెప్పాలి.