మనం పోయాక మన నాణేలు: ఒక్క చోటే ఉంచాలా, బతికుండగానే పంచెయ్యాలా?

నయీంనగర్ సార్:
చర్చకు పెడుతున్న మాట సూటిగానే చెప్తాను. నాణేలు, స్టాంపులు జమ చేసేవాళ్లం చూపు, జ్ఞాపకం బాగున్నప్పుడే వాటిని మన చేతులతో అమ్ముకోవాలి. లేదంటే విలువ తెలిసిన చిన్నవాళ్లకు పంచాలి. మొత్తం మూటగట్టి పిల్లల నెత్తిన పెట్టిపోవద్దు. ఏదో ఒక మ్యూజియం తీసుకుంటుందిలే అని కూర్చోవద్దు.

నిజాం నాణేలు జీవితమంతా సేకరించిన నా స్నేహితుడొకాయన ఈ మధ్యే పోయారు. దినాలయ్యాక వాళ్లింటికి వెళ్లాను. ఏడో నిజాం 1911లో గద్దెనెక్కాక కొట్టించిన రూపాయిల మీద చార్మినార్ కమాను లోపల ‘ఐన్’ అనే ఉర్దూ అక్షరం ఉంటుంది. మొదట వచ్చినవాటిలో అది సగమే పడ్డట్టు చిన్నగా ఉంటుంది, తర్వాతివాటిలో నిండుగా ఉంటుంది. భూతద్దం కింద పెడితే తప్ప తేడా పట్టుకోలేం, మనవాళ్లకు మాత్రం అవి రెండు వేర్వేరు నాణేలు. ఆయన వాటిని విడివిడిగా చిన్న కాగితపు కవర్లలో పెట్టి, మూలకు పెన్సిల్‌తో సంవత్సరం, ఎవరి దగ్గర కొన్నదీ రాసుకునేవారు. నేను వెళ్లేసరికి కవర్లన్నీ చెత్తబుట్టలో ఉన్నాయి, నాణేలన్నీ ఒక స్టీలు డబ్బాలో ఉన్నాయి. కొడుకులను తప్పుపట్టలేను. ఆ పెన్సిలు రాత ఏమిటో వాళ్లకు ఎవరూ చెప్పలేదు.

పెద్ద కొడుకు అమ్ముదామంటాడు. చిన్న కొడుకు నాయిన గుర్తు, ముట్టొద్దంటాడు. మీరేమంటారు?

కరీంనగర్ అణా:
సార్, మీ మీద గౌరవంతోనే చెప్తున్న, ఈ మాట నేను ఒప్పుకోను. సేకరణ అంటే విడివిడి నాణేలు కాదు. పైసా, అణా, రెండణాలు, పావలా, అర్ధరూపాయి, రూపాయి, అన్ని ఏండ్లవీ వరుసగా ఒక్క దగ్గర కనపడితేనే కథ అర్థమైతది. 1959 దాకా హాలీ సిక్కా అనే నిజాం రూపాయి, ఇండియా రూపాయి రెండూ మన బజార్లల్ల నడిచినయి. ఏడు హాలీ రూపాయిలకు ఆరు కల్దార్, అంటే ఇండియా రూపాయిలని లెక్క. ఇది బడి పిల్లలకు నోటితో చెప్తే ఎక్కది, రెండు రకాల రూపాయిలూ పక్కపక్కన పెట్టి చూపిస్తే నిమిషంల ఎక్కుతది.

మీరు చెప్పినట్టు అందరం అమ్ముకుంటే ఏమైతది? మంచివన్నీ ముంబై, బెంగళూరు వేలంపాటలకు పోతయి. ఓరుగల్లు, కరీంనగర్ పిల్లలకు మిగిలేది ఫొటోలే. సాలార్‌జంగ్ మ్యూజియం చూడండి. ఒక్క ఇంటి సేకరణ ఒక్క చోట ఉన్నందుకే గదా ఇయ్యాళ జనం చూడగలుగుతున్నరు.

నయీంనగర్ సార్:
సాలార్‌జంగ్ మాట తెచ్చావు కాబట్టి అది పూర్తిగా చూద్దాం నాయనా. మూడో సాలార్‌జంగ్ 1949 మార్చిలో పోయారు. పెళ్లి కాలేదు, పిల్లలు లేరు. 1951 డిసెంబరులో నెహ్రూ మ్యూజియం తెరిచారు కానీ, బంధువులతో హైకోర్టులో రాజీ కుదిరి అది ప్రభుత్వానికి దక్కేసరికి 1958 అయింది. పార్లమెంటు చట్టం 1961లో వచ్చింది. అంతటి నవాబు సేకరణకే పన్నెండేళ్లు పట్టింది, అదీ ప్రభుత్వం పట్టుబట్టి నిలబడితే. నాలుగు ఆల్బములున్న రిటైర్డు టీచరు కోసం ఎవరు నిలబడతారు?

ఒక్క చోట ఉంచడం అంటే ఒక్క వానకు పోవడం కూడా. 2020 ఆగస్టులో మా దగ్గర ఇళ్లలోకి నీళ్లొచ్చాయి. నాణెం తడిస్తే తుడుచుకుంటాం. స్టాంపు తడిస్తే వెనక జిగురు కరిగి ఒకదానికొకటి అంటుకుపోతుంది, విడదీస్తే చిరుగుతుంది.

మట్టెవాడ దుకాణం:
నేను పాత బిళ్లలు కొని అమ్మేటోణ్ని. వ్యాపారి మాట అని తీసిపారెయ్యకుండ్రి, ఇండ్లల్ల ఏం జరుగుతదో మాకే ఎక్కువ తెలుస్తది.

మనిషి పోయినంక ఇంటోళ్లు ఫస్టు మా దగ్గరికి రారు, బంగారం పని చేసే అవుసులాయన దగ్గరికి పోతరు. ఆయన త్రాసుల వేస్తడు. చార్మినార్ హాలీ రూపాయి 11.18 గ్రాములు తూగుతది, అండ్ల వెండి నూటికి 82 పాళ్లు గూడ ఉండదు. ఇంగ్లీషోళ్ల రూపాయి 11.66 గ్రాములు, వెండి నూటికి 92 పాళ్ల దగ్గర. అందుకని హాలీదానికి ఇంకింత తక్కువే కడతడు. అరుదైన సంవత్సరమా, మామూలుదా ఆయనకు పనిలేదు, కరిగించుడే. ఇట్ల పోయిన నాణేలు ఏ మ్యూజియానికీ రావు, ఏ వేలంపాటకూ రావు.

ఇంకొందరు మా దగ్గరికే వస్తరు గని, వచ్చే ముందు చింతపండు, పీతాంబరి పెట్టి పండుగకు దేవుని సామాన్లు తోమినట్టు తోముకొస్తరు. మెరుస్తుంటే ఎక్కువిస్తమనుకుంటరు. నూరేండ్ల రాగి బిళ్ల మీద పేరుకున్న ఆ ముదురు రంగే దాని ధర. అది పోయిందంటే సగానికి సగం పడిపోతది. ఒక అవ్వ అట్ల తోముకొచ్చిన మూట విప్పి నా ముంగట పోసినప్పుడు నాకు నోట మాట రాలె. ఎంతో ప్రేమతోని తోమింది ఆమె.

మామూలు ప్లాస్టిక్ ఆల్బములల్ల ఏండ్ల తరబడి పెడితే రాగి మీద పచ్చటి జిగురు పడతది. అది గూడ చూసుకోండ్రి.

నా మాట ఏందంటే, సార్ చెప్పిందే నిజం. జమ చేసిన మనిషి సొంతంగా వచ్చి కూర్చుంటే నాకు ఒక్క రూపాయి తక్కువ చేసే సందు దొరకది. ఆయనకు నాకంటే ఎక్కువ తెలుసు. ఇంటోళ్లు వస్తే, నాలాంటోడు నియ్యతుగల్లోడైతే సరే, కాకుంటే వాళ్ల పని అంతే. ముగ్గురికి చూపియ్యకుండ అమ్మొద్దు. మామూలువి ఒక్కసారే అమ్మి, అరుదైన నాలుగు వేలంపాటకు పంపుకోవాలె.

బాపు బిడ్డ:
ఇక్కడ అందరూ కొడుకుల గురించే మాట్లాడుతున్నారు. మా బాపు కూడా అలాగే ఆలోచించాడు.

మాది హన్మకొండ. బాపు దగ్గర నిజాం కాలపు స్టాంపులు, నాణేలు ఉండేవి. అన్నకు ఆసక్తి లేదని తెలుసు. నాకు ఉందని కూడా తెలుసు, చిన్నప్పుడు ఆదివారాలు స్టాంపుల వెనక కాగితం నీళ్లలో నానబెట్టి ఊడదీసింది నేనే. తిరగేసి పాత న్యూస్‌పేపర్ మీద ఆరబెట్టి, ఆరాక పుస్తకం కింద అదిమిపెట్టేదాన్ని. పట్టకారుతో పట్టాలి, వేలు తగలొద్దు అని నేర్పింది ఆయనే. అయినా చివరికి, బిడ్డ అత్తగారింట్లో ఇవన్నీ ఎక్కడ పెట్టుకుంటుందిలే అనుకుని, నన్ను ఒక్క మాట అడగకుండా అన్నీ ఒక విద్యాసంస్థకు ఇచ్చేశాడు. శాలువా కప్పారు, ఫొటో దిగారు. ఒక బీరువాలో పెట్టారు. బాపు పోయిన తర్వాత వెళ్లి అడిగితే ఆ బీరువా ఏ గదిలో ఉందో చెప్పేవాళ్లు లేరు. అప్పుడున్న ప్రిన్సిపాల్ మారిపోయారు. తీసుకున్నట్టు కాగితం రాసుకోలేదు, జాబితా లేదు. దేని గురించి అడగాలో కూడా నా దగ్గర ఆధారం లేదు.

అందులో మా నానమ్మ మెడలో వేసుకున్న రూపాయిల దండ ఉంది. వెండి రూపాయిలకు కొక్కేలు అతికించి దారానికి గుచ్చింది. కొక్కెం అతికిన నాణేన్ని సేకరించేవాళ్లు పట్టించుకోరని నాకు తెలుసు. ఆ సంస్థకు అది దేనికి? నాకైతే అది నానమ్మ మెడ.

అమ్మాలా, దాచాలా అన్న ప్రశ్నకు ముందు ఇంకొకటి ఉంది: ఇంట్లో అందర్నీ అడిగారా? కోడలిని, బిడ్డను, మనవరాలిని?

కరీంనగర్ అణా:
అక్కా, చదివి బాధైంది. కానీ ఇది మ్యూజియాలకు ఇయ్యొద్దని చెప్పేది కాదు, కాగితం లేకుండ ఇయ్యొద్దని చెప్పేది. నంబరు వేసిన జాబితా రెండు కాపీలు రాసి, తీసుకున్నట్టు సంతకం, ముద్ర వేయించుకుంటే రేపు అడిగే హక్కుంటది. మన దగ్గర చూపియ్యడానికి చోట్లు లేకపోలే. హన్మకొండల రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయం 1904 నుంచి ఉన్నది. అది పుస్తకాల ఇల్లే గని, జనం ఇచ్చినవాటిని జనమే కాపాడుకోగలరనడానికి సాక్ష్యం గదా.

గోదారి ఒడ్డు:
మాది ధర్మపురి దగ్గర. కోటిలింగాల మాట లేకుండా ఈ చర్చ ముందుకు పోవద్దు.

అక్కడ దొరికిన చిన్న చిన్న నాణేల మీద గోబద, నారన, సమగోప అనే పేర్లు, మొదటి శాతవాహన రాజు సిముకుడి పేరు ‘చిముక’ అనీ కనపడటంతోనే తొలి శాతవాహనుల గురించి, వాళ్లకు ముందు ఇక్కడ ఏలినవాళ్ల గురించి చరిత్ర తిరగరాసుకోవాల్సి వచ్చింది. ఆ నాణేలు ఏ ఊరి సంతలోనో, ఎక్కడివో తెలియకుండా దొరికి ఉంటే ఇంత విలువ ఉండేదా? గోదావరి ఒడ్డున, ఆ దిబ్బ మీద దొరికాయి కాబట్టే విలువ. ఇప్పుడు అందులో కొంత భాగం ఎల్లంపల్లి ప్రాజెక్టు నీళ్ల కింద ఉంది.

అందుకే అమ్మినా, దాచినా, దానమిచ్చినా నాకు అభ్యంతరం లేదు. ఎక్కడ దొరికిందో రాయకుండా మాత్రం చావొద్దు. సార్ స్నేహితుడి ఇంట్లో చెత్తబుట్టలో పడ్డ కవర్లే నా దృష్టిలో అసలు నష్టం, స్టీలు డబ్బా కాదు.

ఇంకో మాట. పొలంలోనో, పునాది తవ్వుతుంటేనో దొరికినవి మీ ఆల్బంలో ఉంటే అవి మీ ఇష్టం వచ్చినట్టు పంచుకునేవి కావు. 1878 నాటి నిధి చట్టం ప్రకారం భూమిలో దాగి ఉన్నది పది రూపాయల విలువ దాటితే కలెక్టరుకు తెలపాలి. అలాంటివాటిని ముందే వేరు చేసి, బతికుండగా మీరే సరిచెయ్యండి. ఆ భారం పిల్లల మీద వేయడం అన్యాయం.

జనగామ వకీలు:
చట్టం వరకు క్లుప్తంగా. వీలునామా లేకుండా హిందువు పోతే భార్య, కొడుకులు, బిడ్డలు, తల్లి అందరికీ సమాన వాటా. నాణేలూ ఆస్తే, కొడుకులిద్దరే పంచుకోవడానికి లేదు. వీలునామాకు స్టాంపు పేపరు అక్కర్లేదు, తెల్లకాగితం చాలు. ఇద్దరు సాక్షుల సంతకాలుండాలి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, చేయిస్తే గొడవలు తగ్గుతాయి. వాటా వచ్చేవాళ్లను సాక్షులుగా పెట్టకండి. ముస్లిం కుటుంబాల్లో మూడో వంతుకు మించి వీలునామా రాయాలంటే వారసుల ఒప్పుదల కావాలి.

పిల్లలు అమెరికాలో ఉన్నవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి: నూరేళ్లు దాటిన నాణెం 1972 పురావస్తువుల చట్టం కింద పురావస్తువే. దాన్ని దేశం దాటించడం నేరం. ఆరో నిజాం 1911లో పోయారు కాబట్టి ఆయన నాణేలన్నీ ఆ లెక్కలోకి వచ్చేశాయి. “మా అబ్బాయి వచ్చినప్పుడు తీసుకుపోతాడు” అని ప్రతివారం ఎవరో ఒకరు నాతో అంటూనే ఉంటారు. తీసుకుపోవడానికి వీల్లేదు.

చేర్యాల దారి:
ఇంత బెంగ ఎందుకో అని నాకు అనిపిస్తుంది, అడగనివ్వండి. మా వైపు బొమ్మల పటం చూపిస్తూ కథలు చెప్పేవాళ్లు ఆ పటం పాతబడి చిరిగితే నకాషీ చిత్రకారులతో కొత్తది రాయించుకుని, పాతదాన్ని పూజ చేసి నదిలో కలుపుతారు. అది వాళ్లకు దేవుడు, అయినా వదిలేస్తారు. కథ మిగులుతుంది. మన తర్వాత కూడా మన వస్తువులు మనం పెట్టినట్టే ఉండాలనుకోవడం ఏం న్యాయం?

గోదారి ఒడ్డు:
అక్కడ కథ కొత్త పటంలోకి ఎక్కాకే పాత పటం నీళ్లలోకి పోతుంది. మన నాణేల కథ ఎక్కడికి ఎక్కించామని వదిలెయ్యాలి?

నయీంనగర్ సార్:
అందరికీ నమస్కారం. బాపు బిడ్డ రాసిన మాట నన్ను బాగా కదిలించింది. మా కోడలిని, మనవరాలిని కూర్చోబెట్టి ఆల్బములన్నీ తీసి చూపించాను. మనవరాలు స్టాంపులు అడిగింది, కోడలు ఏదీ వద్దంది. నాణేలకు పట్టీ రాయడం మొదలుపెట్టాను. ప్రతిదానికీ నంబరు, ఏ ఏటిది, ఎక్కడ, ఎవరి దగ్గర తీసుకున్నాను, అరుదా మామూలా. ధర రాయడం లేదు, అది ఏటేటా మారుతుంది. అదే నంబరు కవరు మీద పెన్నుతో వేస్తున్నాను. తోమొద్దు, కడగొద్దు అని పట్టీ మొదటి పేజీలోనే పెద్ద అక్షరాలతో రాశాను.

అమ్మాలన్న నా మాట మాత్రం మార్చుకోలేదు. స్టాంపులు పోగా మిగిలినవి నేను పోయేలోపు అమ్మేస్తాను. నావి కొన్నవాళ్లు డబ్బు పెట్టి కొంటారు కాబట్టి జాగ్రత్తగా చూసుకుంటారు. ఊరికే వచ్చినదానికి ఆ జాగ్రత్త ఉండదని నా నమ్మకం.

కరీంనగర్ అణా:
పట్టీ సంగతి ఒప్పుకుంటున్న సార్, నేనూ ఇయ్యాళ్టి నుంచే రాస్త. అమ్మకం మాత్రం ఇప్పటికీ ఒప్పుకోను. అమ్మక తప్పదంటే ఒకటి చెయ్యండి: బయటి వేలంపాటకు పంపే ముందు ఆ పట్టీ ఇక్కడ పెట్టండి. ఉత్తర తెలంగాణల సేకరించేవాళ్లం నెల రోజులు చూసుకుంటం, వరుస తెగకుండ కలిసి కొనగలమా అని.

నయీంనగర్ సార్:
పెడతాను. ఒక నెల కాదు, రెండు నెలలు తీసుకోండి. ధర మాత్రం మట్టెవాడ ఆయనతో పాటు ఇంకో ఇద్దరు కట్టినదాన్ని బట్టే ఉంటుంది, మనవాళ్లని తగ్గించను. ఆ డబ్బులో మా కోడలికీ వాటా ఉంది.