చదువుకున్న కుర్రాళ్లు మన ఊరి బడిలో జీతం లేకుండా పాఠాలు చెప్పొచ్చా?

లంక కుర్రాడు:
మాది కోనసీమలో గోదావరి పాయల మధ్య చిన్న లంకండి. మా ప్రాథమిక పాఠశాలలో ఒకటి నుంచి ఐదు వరకు 34 మంది పిల్లలున్నారు. ఇద్దరు టీచర్లు ఉండాల్సిన చోట జూన్ 12న బడి తెరిచినప్పటి నుంచి ఒక్క మేడంగారే ఉన్నారు. డిగ్రీలు, బీటెక్‌లు పూర్తయి ఇంటి దగ్గరే ఉన్నవాళ్లం ఆరుగురం. రోజూ ఇద్దరు చొప్పున బడికి వెళ్లి పాఠాలు చెబుదామని మొన్న రామాలయం అరుగు మీద మాట్లాడుకున్నాం. సగం మంది సరేనన్నారు. మిగతా సగం ఊరికే చెప్పేవాళ్లు దొరికితే పోస్టు ఎప్పటికీ రాదన్నారు. వెళ్లాలనే నేనంటున్నాను. ఎందుకో చెబుతాను.

పోయిన వారం మా మేనకోడలితో ఆడుకోవడానికి వచ్చిన ఐదో తరగతి పిల్ల పలక మీద 52లోంచి 27 తీసేసి 35 అని వేసింది. రెండులోంచి ఏడు పోదు కాబట్టి ఏడులోంచి రెండు తీసేసింది. అదే పద్ధతి అనుకుంటోంది పాపం. కొబ్బరి ఈనెలు చిన్న ముక్కలు చేసి, పదేసి కట్టలు అయిదు, విడిగా రెండు ముందు పెట్టాను. "ఇందులోంచి ఏడు విడి ఈనెలు ఇవ్వు" అన్నాను. రెండు ఇచ్చి ఆగింది. కాసేపు చూసి, తనే ఒక కట్ట ముడి విప్పింది. ఇరవై నిమిషాలు పట్టింది. అయిదు తరగతులను ఒక్కచేత్తో చూసుకునే మేడంగారికి ఒక్క పిల్ల కోసం ఆ ఇరవై నిమిషాలు ఎక్కడి నుంచి వస్తాయండి?

డీఎస్సీ రాస్తున్న అక్క:
తమ్ముడూ, నీ మనసు మంచిదే. కానీ నా వైపు నుంచి కూడా చూడు. టీచర్ల భర్తీకి 2018లో వచ్చిన నోటిఫికేషన్ తర్వాత మెగా డీఎస్సీ వచ్చేసరికి 2025 అయింది. 16,347 పోస్టులు. ఆ మధ్యలో నాలాంటివాళ్లు డీఈడీ, బీఈడీ చేసి, టెట్ అర్హత పరీక్ష రాసి, కోచింగ్ కోసం అవనిగడ్డలో హాస్టల్ గదుల్లో ఉండి చదివారు. కొందరికి పెళ్లిళ్లయి పుస్తకాలు అటకెక్కాయి. అరవై మంది లోపు పిల్లలున్నా ఇద్దరు టీచర్లు ఉండాలని 2009 విద్యాహక్కు చట్టమే చెబుతోంది. ఆ రెండో కుర్చీలో మీరు కూర్చుంటే బడి నడుస్తున్నట్టే కనిపిస్తుంది. నడుస్తున్న బడి గురించి ఎవరు పట్టించుకుంటారు? పైగా బోధన ఒక పని. నేర్చుకుని చేసే పని. ఊరికే చేస్తామని మీరు ముందుకొస్తే దానికి విలువ లేదని మీరే ఒప్పుకున్నట్టు.

రిటైర్డ్ హెడ్మాస్టరు:
ఇద్దరి మాటలోనూ నిజముంది. బడుల్లో తాత్కాలికంగా పెట్టుకునే విద్యా వాలంటీర్లతో పనిచేసినవాణ్ణి నేను. వాళ్లలో కొందరు నాకంటే బాగా చెప్పేవారు. ఇబ్బంది ఎక్కడ వచ్చేదంటే, నవంబరులోనో డిసెంబరులోనో ఎక్కడో ఉద్యోగం వచ్చి వెళ్లిపోయేవారు. వాళ్లకు అలవాటు పడిన చిన్నపిల్లలు వారం పాటు గుమ్మం వైపే చూసేవారు. కాబట్టి బాబూ, మీ ఆరుగురిలో ఏప్రిల్ దాకా ఉండేదెవరో ముందు తేల్చుకోండి. ఇంకో మాట. తరగతి మొత్తం మీ చేతిలో పెడతానంటే ఒప్పుకోవద్దు. రిజిస్టరు, పరీక్షలు, పిల్లల బాధ్యత టీచరువే. మేడంగారు బడిలో ఉండగానే మీరు ఉండాలి.

లంక కుర్రాడు:
మాస్టారూ, మీరు చెప్పింది రాసుకున్నాను. అక్కా, నీ కోపం నాకు అర్థమైంది. అయినా ఒక విషయం చూడు. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అనే పరిశోధకులు మన రాష్ట్రంలోనే వంద పల్లెటూరి ప్రభుత్వ బడులకు అదనంగా ఒక్కో కాంట్రాక్టు టీచర్ని ఇచ్చి రెండేళ్లు చూశారు. అదనపు టీచరు లేని బడులతో పోలిస్తే ఆ పిల్లల చదువు మెరుగైంది. పెద్ద శిక్షణ లేని స్థానికులు కూడా చదువు చెప్పగలరని దాన్నిబట్టి తెలుస్తోంది కదా.

డీఎస్సీ రాస్తున్న అక్క:
ఆ కాంట్రాక్టు టీచర్లకు జీతం ఇచ్చారు, తక్కువైనా. ఉన్న టీచరుకు తోడుగా ఇచ్చారు, రావాల్సిన టీచరుకు బదులుగా కాదు. నేను అడిగేదీ అదే కదా! అంతగా చెప్పాలనుంటే సాయంత్రాలు అరుగు మీద చెప్పండి, ఎవరు కాదంటారు?

లంక కుర్రాడు:
జీతం మాట ఒప్పుకుంటున్నాను. సాయంత్రాల సంగతి మాత్రం ఒప్పుకోలేను. ఉత్తరప్రదేశ్‌లోని జౌన్‌పూర్ జిల్లాలో పిల్లల చదువు కోసం పనిచేసే ప్రథమ్ సంస్థ వాలంటీర్లు అలాగే బడి బయట చదవడం నేర్పారు. వచ్చిన పిల్లలకు చదవడం బాగానే వచ్చింది. కానీ వచ్చింది చాలా కొద్దిమందే. మా లంకలోనూ అంతే అవుతుంది. సాయంత్రమైతే పెద్దపిల్లలు గేదెల్ని తోలుకొస్తారు, తమ్ముళ్లని చూసుకుంటారు. మనం ఎవరి కోసం మొదలుపెడుతున్నామో వాళ్లే రారు. అందరూ ఒకచోట దొరికేది బడిలోనే.

ఇంకోటి వరద. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక 11.75 అడుగులకు. ఆ హెచ్చరిక రాకముందే మా కాజ్‌వే మీదకు నీళ్లొచ్చేస్తాయి. వరద తీశాక కూడా కొన్నాళ్లు పడవే దిక్కు. మేడంగారు అవతలి గట్టు మీద, పిల్లలు ఇవతల. ఇవతల ఉండేది మేమే కదండి.

కువైట్ నుంచి ఒక తల్లి:
నేను ఇక్కడ ఇంటిపనిలో ఉన్నాను. మాది రాజోలు దగ్గర. బాబు నాలుగో తరగతి, మా అమ్మ దగ్గర ఉంటాడు. శుక్రవారం వీడియో కాల్‌లో తెలుగు పుస్తకం తీసి చదవమంటాను. "అలక, తబల" గడగడా చదువుతాడు. "వస్త్రం" దగ్గరికి రాగానే ఆగిపోతాడు. స కింద రెండు వత్తులు చూసి ఫోను అమ్మమ్మ చేతికిచ్చేస్తాడు. మా అమ్మకు చదువు రాదు. ఇక్కడి నుంచి నేను వేలు పెట్టి చూపించలేను. డీఎస్సీ అమ్మా, నీకు ఉద్యోగం రావాలనే దణ్ణం పెట్టుకుంటాను. కానీ పోస్టు పడేసరికి ఇంకో మూడేళ్లయితే నా కొడుకు ఏడో తరగతిలో ఉంటాడు. వాడి నాలుగో తరగతి నాకు ఎవరు తిరిగిస్తారు? ఎవరైనా పర్లేదు, రోజుకు గంట పక్కన కూర్చుంటే చాలు.

లంక కుర్రాడు:
ఈ అమ్మ రాసింది రాత్రి మా వాళ్లందరికీ చదివి వినిపించాను. నేను మొదట అనుకున్నట్టు తరగతులు పంచుకుని పాఠాలు చెప్పడం మానేస్తున్నాం. మూడు, నాలుగు, అయిదు తరగతుల్లో చదవడం రానివాళ్లు, తీసివేతలు రానివాళ్లు పదకొండు మంది ఉన్నారని మేడంగారు చెప్పారు. రోజుకు గంటన్నర, బడిలోనే, మేడంగారి ఎదురుగా వాళ్లతో మాత్రమే కూర్చుంటాం. ఏప్రిల్ దాకా ఉంటామని నలుగురం మాటిచ్చాం. మిగతా ఇద్దరికి ఇంటర్వ్యూలున్నాయి, అందుకని వాళ్లను వద్దన్నాం. రెండో టీచరు కావాలని తల్లిదండ్రుల కమిటీ సంతకాలతో మండల విద్యాధికారి (ఎంఈవో) గారికి అర్జీ పెట్టిన తర్వాతే మొదటిరోజు బడిలో అడుగు పెడతాం.

డీఎస్సీ రాస్తున్న అక్క:
బడి వేళల్లో వెళ్లడం నాకు ఇప్పటికీ ఇష్టం లేదు. అది మారలేదు. కానీ అర్జీ నేను రాస్తాను. చట్టంలో ఏ మాట ఎక్కడుందో నాకు తెలుసు. పిల్లల సంఖ్య, తరగతులవారీగా, ఖాళీ ఏ తేదీ నుంచి ఉందో ఈ రాత్రికి పంపు. మొదటి కాగితం మీద కువైట్ అమ్మ రాసింది పెడదాం, ఆమెకు ఇష్టమైతే.

కువైట్ నుంచి ఒక తల్లి:
పెట్టండమ్మా. బాబు పేరు మాత్రం రాయకండి.