మా అక్క బిడ్డ గ్రౌండ్‌కు పోనంటోంది, ఏం చేయాలి?

పర్వతగిరి మామ:
మా అక్క బిడ్డకు పదహారేళ్లు. హన్మకొండలో ఇంటర్ ఫస్టియర్, 400 మీటర్లు పరుగెత్తుతుంది. పోయిన ఏడాది 62 సెకన్లలో కొట్టేది, ఎండాకాలం నుంచి 66 దాటుతోంది. ఒకరోజు కోచ్ సారు అందరి ముందే "లావెక్కినవ్, అన్నం తగ్గించు" అన్నాడట. అప్పటి నుంచి రాత్రి అన్నం బంద్. ఇప్పుడు గ్రౌండ్ కూడా బంద్. స్పైక్స్ (పరుగు బూట్లు) తమ్ముడికి ఇచ్చేసింది (వాడి కాలికి పట్టవు, అది వేరే సంగతి). ఏమన్నా అంటే తలుపేసుకుంటుంది. బావేమో "ఆటలు చాలు, ఎప్‌సెట్ చూసుకో" అంటున్నాడు. ఇంట్లో నాతోనే కాస్త మాట్లాడుతుంది. ఏం చెప్పాలి?

కాజీపేట కుర్రోడు:
ఫోన్ గుంజుకో మామా. రెండు రోజుల్లో తనే పోతది.

నర్సంపేట పీఈటీ మేడం:
ఫోన్ జోలికి పోకండి. ముందు రక్త పరీక్ష చేయించండి. "బద్ధకం" అని తిట్లు తినే ఆడపిల్లల్లో చాలామందికి రక్తం తక్కువ ఉండటం నేను చూశాను. సీబీసీతో (మామూలు రక్త కణాల పరీక్ష) పాటు ఫెరిటిన్ (ఐరన్ నిల్వ చెప్పే పరీక్ష) కూడా చూడమనండి. హిమోగ్లోబిన్ బాగున్నా ఒంట్లో ఐరన్ నిల్వ అడుగంటి ఉండొచ్చు. నెలసరి సరిగ్గా వస్తోందా అని మీ అక్కతో అడిగించండి. తిండి తగ్గించి ప్రాక్టీస్ అలాగే చేస్తే నెలసరి ఆగిపోవచ్చు, ఎముకలూ బలహీనపడతాయి. మూడు నెలలు రాకపోతే గైనకాలజిస్టును కలవాల్సిందే. 400లో చివరి వంద మీటర్లు ప్రాణం తోడేస్తాయి. రాత్రి తినని పిల్ల ఎట్లా ఉరుకుతుంది?

కోచ్‌తో మీరే మాట్లాడండి, పిల్లను వెంట తీసుకెళ్లకుండా. గొడవ వద్దు, బరువు మాట మళ్లీ ఎత్తొద్దని మాత్రం గట్టిగా చెప్పండి.

మీ మండలంలోని కల్లెడ అమ్మాయి దీప్తి జీవాంజి 2024లో జపాన్‌లోని కోబేలో పారా అథ్లెటిక్స్ 400 మీటర్లలో, తన టీ20 విభాగంలో (మేధో వైకల్యం ఉన్నవాళ్లది) 55.07 సెకన్లతో ప్రపంచ రికార్డు పెట్టింది, అదే ఏడాది పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది. అందరూ పతకం దగ్గరే ఆగిపోతారు. నాకైతే ఆమె కోచ్ నాగపురి రమేష్ సారే గుర్తొస్తారు. హైదరాబాద్ పంపమంటే ఆ ఇంట్లో బస్సు ఛార్జీలకే డబ్బుల్లేవు, ఆయన ఆ సంగతి కూడా తన మీద వేసుకున్నారు.

మీతో మాట్లాడుతోంది కదా, టైమింగ్ ఊసెత్తకుండా పొద్దున హన్మకొండ జేఎన్‌ఎస్ (జవహర్‌లాల్ నెహ్రూ) స్టేడియానికి ఊరికే తీసుకుపోండి. ట్రాక్ మీదికి దిగకున్నా ఫర్వాలేదు. ఈసారి అండర్ 17 పోటీలు పోతే అండర్ 19 ఉంది. బతకాలని లేదు లాంటి మాట వస్తే మాత్రం ఆగకండి, మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి. ఫ్రీ, తెలుగులో మాట్లాడతారు.

పర్వతగిరి మామ:
మేడం, హిమోగ్లోబిన్ 9.1 వచ్చింది. డాక్టర్ గోలీలు రాశాడు. బావ రిపోర్ట్ చూసి ఏం మాట్లాడలేదు. కోచ్ దగ్గరికి పోనని ఇంకా మొండికేస్తోంది. మీ దగ్గరికైతే వస్తదట.

నర్సంపేట పీఈటీ మేడం:
12 ఉండాల్సింది, పాపం. గోలీ వేసుకున్నాక వెంటనే చాయ్ తాగనీయకండి, నిమ్మరసం మంచిది. డాక్టర్ సరేననేదాకా పరుగు వద్దు. ఆదివారం ఆరింటికి జేఎన్‌ఎస్‌లో ఉంటాను, మీ అక్కను కూడా తీసుకురండి.